తిరుపతి ఎండలో మైనస్ 40: కారు బయటి ఉష్ణోగ్రత సెన్సార్ సమస్య - పరిష్కారం

రెండేళ్ల కిందట రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి రేణిగుంట రోడ్డు మీద పోతున్నాం. కారు టింగుమని మోగింది. మీటర్ బోర్డులో మంచు పువ్వు బొమ్మ వెలిగింది, రోడ్డు జారుతుంది జాగ్రత్త అన్నట్టు. దాని పక్కనే బయటి ఉష్ణోగ్రత మైనస్ 40. పక్క సీట్లో ఉన్న మా బావమరిది "బావా, స్వెట్టర్లు తెచ్చుకోలేదే మనం" అని నవ్వాడు. ఆ నవ్వు రెండు నిమిషాలే. తర్వాత ఏసీలోంచి కాళ్ల మీదికి వేడి గాలి మొదలైంది.

ఏసీ షాపుకు తీసుకెళ్తే "అన్నా, గ్యాస్ తగ్గుంటుంది, నింపేద్దాం" అన్నారు. నింపారు, డబ్బు తీసుకున్నారు. ఏసీ గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్ మాత్రం ఎత్తుకోలేదు, అంటే తిరగలేదు. అప్పుడు కంప్రెసరే పోయిందేమో అన్న మాట వచ్చింది. ఆ మాటకు భయపడి కారు ఇంటికి తెచ్చుకున్నాను. మరుసటి రోజు పొద్దున బంపర్ కింద టార్చి వేసి చూస్తే బయటి ఉష్ణోగ్రత సెన్సార్‌కు వైర్లను కలిపే చిన్న ప్లాస్టిక్ కప్లర్ ఊడి గాల్లో వేలాడుతోంది. వారం ముందు బంపర్‌కు పెయింటింగ్ చేయించాను. తిరిగి బిగించేటప్పుడు క్లిక్‌మనే దాకా నొక్కకుండా వదిలేశారు. అదీ సంగతి.

ఆ తర్వాత తెలిసినవాళ్ల కార్లలో ఇదే జబ్బు నాలుగైదు రకాలుగా చూశాను. నాకు అర్థమైంది ఒకటే: ఈ సెన్సార్ విషయంలో అంకె తప్పు చూపిస్తోందని విసుక్కోకుండా, ఎటువైపు తప్పిందో, ఎప్పుడు తప్పుతోందో గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

అసలు అదేంటి, ఎక్కడుంటుంది

మెకానిక్‌లు దీన్ని యాంబియంట్ సెన్సార్ అంటారు. చిటికెన వేలి కొన అంత ఉంటుంది. లోపల ఉండేది థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లబడేకొద్దీ పెరుగుతుంది. కారులోని కంప్యూటర్ ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సార్ దగ్గర ఎంత వోల్టేజీ మిగిలిందో చూసి డిగ్రీలు లెక్కకడుతుంది. రెండే వైర్లు, ఒకటి సిగ్నల్, ఒకటి ఎర్త్.

చాలా కార్లలో ఇది ముందు బంపర్ వెనక, ఏసీ కండెన్సర్‌కు (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) ముందు, కింది గ్రిల్ దగ్గర ఒక క్లిప్పుకు ఉంటుంది. కొన్ని యూరప్ కంపెనీల కార్లలో తలుపుకు ఉండే సైడ్ మిర్రర్ అద్దం అడుగున ఉంటుంది. మీ కారులో ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకోండి, లేదా అదే మోడల్ నడిపేవాళ్లను అడగండి.

ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే సెన్సార్ వేరే, కూలెంట్ సెన్సార్ వేరే, ఏసీ లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద ఉండే సెన్సార్ వేరే. షాపులో "టెంపరేచర్ సెన్సార్ ఇవ్వండి" అంటే ఈ నాలుగింట్లో ఏదైనా చేతిలో పెట్టొచ్చు. పేరు సరిగ్గా చెప్పి, చాసిస్ నంబర్ ఇచ్చి తీసుకోండి.

జబ్బు కానిదాన్ని జబ్బనుకోవద్దు

లీలామహల్ సర్కిల్ దగ్గర రెండు గంటలు ఎండలో నిలిపి వచ్చి కీ తిప్పితే 49 చూపిస్తుంది. ఫోన్‌లో చూస్తే 40. సెన్సార్ పోయిందని కంగారు పడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దొరుకుతారు. ఫోన్‌లో వచ్చే అంకెకు మూలం వాతావరణ కేంద్రాల కొలతలు. అక్కడ థర్మామీటర్‌ను నీడలో, గాలాడే పెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున పెడతారు. మీ సెన్సార్ తారు రోడ్డుకు అడుగున్నర ఎత్తులో, నల్లటి బంపర్ వెనక కూర్చుని ఉంది. మే నెలలో ఆ రెండింటికీ మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటే నేను పట్టించుకోను.

సరైన పోలిక కావాలంటే రోడ్డెక్కి, నలభై యాభై స్పీడులో పది పదిహేను నిమిషాలు పోయాక చూడండి. కరకంబాడి రోడ్డో, చంద్రగిరి వైపో చాలు. అప్పటికి బంపర్ వెనక వేడి గాలి పోయి, బయటి గాలి సెన్సార్‌ను తాకుతుంది.

ఇంకొకటి చెబితే నవ్వుతారు గానీ, జరిగింది. ఒకాయన కారులో బయట 104 అని చూపిస్తోందని ఫోన్ చేశారు. మనవడు సెట్టింగ్స్‌లో వేలు పెట్టి ఫారన్‌హీట్‌కు మార్చేశాడు. 104 అంటే మన 40 డిగ్రీలే.

మైనస్ 40, లేదా అంకె బదులు గీతలు

ఇది అన్నిటికన్నా తేలిక. వైరు తెగినా, కప్లర్ ఊడినా, సెన్సార్ లోపల విరిగినా కరెంటు దారి మూసుకుపోతుంది. కంప్యూటర్ పంపిన 5 వోల్టులూ అలాగే మిగిలిపోతాయి. రెసిస్టెన్స్ విపరీతంగా ఉందంటే విపరీతమైన చలి అని దాని లెక్క. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ భాషలో ఈ ఉష్ణోగ్రతను ఒక బైటులో పంపుతారు, 0 నుంచి 255 దాకా వచ్చే అంకెలోంచి 40 తీసేసి చదువుతారు. అందుకే కింది హద్దు మైనస్ 40. అంటే ఆ అంకె చలిని చెప్పడం లేదు, "నాకేమీ అందడం లేదు" అంటోంది. కొన్ని కార్లు ఈ మాట నిజాయితీగా ఒప్పుకుని అంకె బదులు రెండు గీతలు గీస్తాయి. (ఫారన్‌హీట్‌లో పెట్టినా ఇది మైనస్ 40 గానే ఉంటుంది. రెండు కొలతలూ కలిసే చోటు అదొక్కటే.)

స్కానర్ పెడితే పీ0073 అనే కోడ్ రావచ్చు, అంటే సిగ్నల్ వోల్టేజీ ఎక్కువగా ఉందని. ఇక్కడ చాలామంది తడబడతారు. వోల్టేజీ ఎక్కువ అంటే వేడి ఎక్కువ కాదు, తిరగేసి చదవాలి. పీ0072 అంటే వోల్టేజీ తక్కువ, అంటే వేడి వైపు తప్పింది. పీ0074 అంటే వస్తూ పోతూ ఉంది. సెన్సార్ ఏసీ మాడ్యూల్‌కు (ఏసీని నడిపే చిన్న కంప్యూటర్) కలిపి ఉన్న కార్లలో ఇవేవీ ఇంజిన్ మెమరీలో కనిపించకపోవచ్చు. ఏసీ మాడ్యూల్‌లో వేరే కోడ్ ఉంటుంది, ఊరికే ఇంజిన్ మాత్రమే చదివే చవక డాంగిల్‌కు (కారుకు తగిలించే చిన్న స్కానర్) అది దొరకదు.

కారణాలు మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే వరసలో చెబుతాను.

ఒకటి, బంపర్ విప్పి బిగించిన తర్వాత కప్లర్ మర్చిపోవడం. టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నుంచి కారు వచ్చిన వారం పది రోజుల్లో ఇది మొదలైతే ఇంకేమీ ఆలోచించకండి, ముందు అదే చూడండి. కప్లర్ ఎక్కించి ఉన్నా లాక్ పడిందా లేదా వేలితో లాగి చూడాలి.

రెండు, ఎలుకలు. మామిడి సీజన్‌లో దామలచెరువు మండీ పక్కన రెండు రోజులు నిలిపిన బంధువుల కారులో బంపర్ వెనక వైరును ఎలుక నీట్‌గా కత్తిరించింది, కట్టర్‌తో కోసినట్టు. సెన్సార్ బాగానే ఉంది. అలాంటప్పుడు రెండు కొసలూ ఒలిచి మెలిపెట్టి నల్ల టేపు చుట్టేస్తే వానాకాలం దాకా ఆగుతుంది, అంతే. టంకం పెట్టి, వేడికి బిగుసుకునే స్లీవ్ తొడిగి, దాని మీద టేపు చుట్టండి. తెగింది ఒకచోటే అనుకోవద్దు, వైరు మొత్తం వేళ్లతో తడిమి చూడండి. ఎలుక ఒక్క కాటుతో ఆగదు.

మూడు, అద్దం. సెన్సార్ అద్దంలో ఉండే కార్లకు మాత్రమే ఇది. గాంధీ రోడ్డులాంటి చోట ఆటో తగిలి అద్దం విరిగితే బయట దొరికే అద్దం వేయిస్తాం. ఆ అద్దంలో సెన్సార్ ఉండదు, లేదా వైర్లు వదిలేస్తారు. మరుక్షణం నుంచి మైనస్ 40. పాత అద్దం పారేయకుండా అడిగి తెచ్చుకుంటే అందులోని సెన్సార్ తీసి కొత్తదానికి పెట్టొచ్చు. అద్దం తెరిచి మూసినప్పుడల్లా అంకె వస్తూ పోతూ ఉంటే మడత దగ్గర వైరు అలిసిపోయిందని అర్థం.

సెన్సారే పోవడం ఈ మూడింటి తర్వాతే. రాయి తగిలి పగలడం, నీళ్లు దిగి లోపల తుప్పు పట్టడం ఎక్కువగా కారణాలు.

ఏసీకి దీనికీ ఏమిటి సంబంధం

తిరుపతిలో ఈ సెన్సార్ గురించి ఎవరైనా పట్టించుకునేది ఏసీ కోసమే. బయట అంకె ఎంత చూపిస్తే ఏం, చెమట పడితే తెలియదా అనుకుంటాం. కానీ చాలా కార్లలో బయట గడ్డకట్టే చలి ఉందని తెలిస్తే కంప్యూటర్ కంప్రెసర్‌ను తిరగనివ్వదు. అంత చలిలో కంప్రెసర్ తిప్పితే అది పాడవుతుందని ముందుజాగ్రత్త. మైనస్ 40 అని నమ్మిన కారు మీ మేలు కోరి ఏసీ ఆపేస్తోంది. ఆటో మోడ్ ఉన్న కార్లు ఇంకో అడుగు ముందుకేసి, పాపం చలికి వణుకుతున్నారనుకుని హీటర్ తలుపు తెరుస్తాయి. మా కాళ్లకు వేడి గాలి కొట్టింది అందుకే.

అన్ని కార్లూ ఇలా చేయవు. సిగ్నల్ పోతే ఏదో ఒక మామూలు అంకెను మనసులో అనుకుని ఏసీ నడిపేవి ఉన్నాయి. మామూలు నాబ్ తిప్పే ఏసీ ఉన్న కార్లలో చాలావాటికి ఈ అంకెతో పనే లేదు. కాబట్టి ఏసీ రాకపోవడానికి ప్రతిసారీ ఇదే కారణమని అనను. కానీ ఏసీ ఆగిపోయిన రోజే బయటి అంకె కూడా పిచ్చిగా మారిందంటే, గ్యాస్ నింపించే ముందు ఆగండి.

గ్యాస్ ఉందా లేదా అన్నది షాపులో గేజ్‌లు తగిలిస్తే నిమిషంలో తెలుస్తుంది. ఇంజిన్ ఆపి కారు కాసేపు ఊరుకున్నాక రెండు గేజ్‌లూ ఒకే అంకె చూపిస్తాయి. ఆర్134ఏ గ్యాస్ ఉన్న కారులో 35 డిగ్రీల ఎండకు అది సుమారు 114 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), 40 డిగ్రీలకు 130 దాటి ఉండాలి. ముళ్లు రెండూ ఇరవై ముప్పై దగ్గర పడుకుని ఉంటే గ్యాస్ కారిపోయింది, సెన్సార్‌ను నిందించి లాభం లేదు. ముళ్లు నూటికి పైన నిలబడి ఉంటే గ్యాస్ నిండుగా ఉందని చెప్పలేం గానీ, బొత్తిగా లేకపోవడం వల్ల కంప్రెసర్ ఆగలేదని మాత్రం తేలిపోతుంది. అప్పుడు కంప్రెసర్‌కు కరెంటు ఎందుకు పోవడం లేదని అడగాలి. ఈ ప్రశ్న ఆ రోజు నేను అడిగి ఉంటే నా డబ్బు నా జేబులో ఉండేది.

70, 80 డిగ్రీలు

రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలాయి, లేదా సిగ్నల్ వైరు ఒరుసుకుని బాడీకి తగిలింది. వైరు ఇనుప అంచు మీదుగా పోయే చోట చూడండి, ప్లాస్టిక్ అరిగి రాగి కనిపిస్తుంది. కప్లర్ ఊడదీసినప్పుడు అంకె కిందికి పడిపోతే సెన్సార్‌లోనే షార్ట్. ఊడదీసినా పైనే ఉంటే వైరులో షార్ట్.

చెడిందో బాగుందో తెలియని ఐదారు డిగ్రీల తేడా

నాకు బాగా ఇష్టమైన రకం ఇదే, ఎందుకంటే ఇక్కడ కొంచెం లెక్క పనికొస్తుంది. ఎక్కువగా వాడే ఒక రకం సెన్సార్‌ను తీసుకుందాం. 25 డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌లు. 0 డిగ్రీల దగ్గర ముప్పై చిల్లర, 40 దగ్గర సుమారు 5.3. (మీ కారులో వేరే రకం ఉండొచ్చు, 25 డిగ్రీలకు రెండు కిలో ఓమ్‌ల చిల్లర ఉండేవీ ఉన్నాయి. తీరు మాత్రం అదే.)

కప్లర్ పిన్నుల మీద పచ్చగా చిలుం పట్టిందనుకోండి. అది దారిలో ఇంకో 2 కిలో ఓమ్‌లు అడ్డం పెట్టినట్టు. మే నెలలో 40 డిగ్రీలప్పుడు 5.3 కాస్తా 7.3 అవుతుంది, కారు దాన్ని 32 డిగ్రీలుగా చదువుతుంది. ఎనిమిది డిగ్రీల తేడా. అదే చిలుం డిసెంబర్ తెల్లవారుజామున 15 డిగ్రీలప్పుడు 15.8ని 17.8 చేస్తుంది, అంకె 12 లేదా 13. తేడా రెండు మూడు డిగ్రీలే. అందుకే "చలికాలంలో బాగానే ఉంది సార్, ఎండాకాలమే తక్కువ చూపిస్తోంది" అని ఎవరైనా అంటే నేను సెన్సార్ అడగను, కప్లర్ విప్పమంటాను.

నీళ్ల సంగతి దీనికి తలకిందులు. మనకు పెద్ద వానలు అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచినప్పుడు, వద్దన్నా కారు దింపినవాళ్లకు బంపర్ మొత్తం మునుగుతుంది. కప్లర్‌లోకి దిగిన మురికి నీరు రెండు పిన్నుల మధ్య పక్కదారి వేస్తుంది. రెసిస్టెన్స్ తగ్గుతుంది, అంకె పెరుగుతుంది. పక్కదారి 20 కిలో ఓమ్‌లు ఉంటే, 25 డిగ్రీల వాన రోజున కారు 34 చూపిస్తుంది. రెండు రోజులు ఎండ కాస్తే కప్లర్ ఆరి, అంకె దానంతటదే సరవుతుంది. సరైందని వదిలేస్తే నాలుగు నెలలకు అక్కడే చిలుం పట్టి, ఎండాకాలంలో తక్కువ చూపించడం మొదలవుతుంది. ఒకే కారు వానకు ఎక్కువ, ఎండకు తక్కువ చూపించడం నేను చూశాను. దాని యజమాని మాట ఎవరూ నమ్మలేదట.

రెండింటికీ మందు ఒకటే. కప్లర్ విప్పి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టాలి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి, పూర్తిగా ఆరనివ్వాలి. రబ్బరు సీల్ ఉందో లేదో చూడాలి, చాలాసార్లు అది ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు కప్లర్లకు వాడే సిలికాన్ గ్రీజు కొంచెం పూయండి. చక్రాల బేరింగుకు వాడే గ్రీజు వద్దు. పిన్ను తినేసి సన్నబడి ఉంటే క్లీనింగ్‌తో పని జరగదు, కప్లర్ మార్చాలి.

కొత్త సెన్సార్ వేసినప్పటి నుంచి ఎప్పుడూ ఇరవై ముప్పై డిగ్రీలు తేడాగా చూపిస్తుంటే అది వేరే కారుకు తయారైన రకం. కప్లర్ ఒకేలా ఉంటుంది, లోపలి రెసిస్టెన్స్ వేరు.

సిగ్నల్ దగ్గర ఎక్కుతుంది, రోడ్డెక్కితే దిగుతుంది

అలిపిరి టోల్‌గేట్ దగ్గర లైన్లో అరగంట నిలబడితే 40 కాస్తా 48 అవుతుంది, లైను కదిలాక మెల్లగా దిగుతుంది. సెన్సార్ నిజమే చెబుతోంది, దాని చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంది. రేడియేటర్ నుంచి వెనక్కి పోవలసిన వేడి గాలి పక్కల నుంచి తిరిగి ముందుకు వస్తోంది. రేడియేటర్ చుట్టూ ఉండే ఫోమ్, ప్లాస్టిక్ పలకలు బంపర్ పనిలో తీసేసి మళ్లీ పెట్టకపోతే ఇది బాగా ఎక్కువవుతుంది. అలాంటి కారులో సిగ్నల్ దగ్గర ఏసీ కూడా నీరసపడుతుంది. పలకలు పెట్టిస్తే రెండూ సరిపోతాయి.

సెన్సార్ క్లిప్పు విరిగి కండెన్సర్‌కు ఆనుకుని ఉన్నా ఇదే కథ. ఒక కారులో ఎవరో దాన్ని ఫాగ్ ల్యాంప్ వైరుకు కేబుల్ టైతో కట్టేశారు. రాత్రి లైటు వేస్తే ఎండ కాసేది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే అంకె

కొన్ని కార్లు సిగ్నల్ పోగానే చివరిగా చూసిన మంచి అంకెను పట్టుకుని కూర్చుంటాయి. కోడ్ చూడకుండా ఇది తేల్చలేం. పైన చెప్పిన వరసలోనే వెతకండి.

మల్టీమీటర్‌తో ఇంటి దగ్గరే

మొదట ఖర్చు లేని పరీక్ష. రాత్రంతా నీడలో ఉన్న కారుకు పొద్దునే, స్టార్ట్ చేయకముందు, కీ ఆన్ చేసి డాంగిల్ పెట్టండి. కూలెంట్, ఇన్‌టేక్ గాలి, బయటి గాలి, మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. రెండు ఒకలా, బయటిది ఇంకోలా ఉంటే సెన్సార్ లైనులో తప్పుంది.

చేయి పెట్టే ముందు ఒక హెచ్చరిక. కీ ఆన్‌లో ఉంటే రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు, కొన్ని కార్లలో కీ తీసినా తిరుగుతుంది. వేళ్లు, లుంగీ అంచు దూరంగా. అక్కడే ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లూ ఉంటాయి, వాటి కప్లర్లు ఎక్కువగా పసుపు రంగులో ఉంటాయి. వాటి జోలికి పోవద్దు.

సెన్సార్ కప్లర్ విప్పండి. మీటర్‌ను ఓమ్‌లలో పెట్టి సెన్సార్ రెండు కాళ్లకు తాకించండి. అంకె రాసుకోండి. సెన్సార్‌ను అరచేతిలో పట్టుకుని రెండు నిమిషాలు ఆగండి. చలికాలం పొద్దునైతే అంకె ఆగకుండా దిగాలి. మేలో మధ్యాహ్నం చేస్తే మీ చెయ్యే గాలికన్నా చల్లన, కాబట్టి అంకె పెరుగుతుంది, కంగారు పడకండి. తర్వాత ఐస్ ముక్కలు కలిపిన నీళ్లలో, సెన్సార్‌ను పాలిథిన్ కవర్‌లో పెట్టి ముంచండి. అది 0 డిగ్రీలు, ఎవరినీ అడగాల్సిన పని లేని కొలత. పది కిలో ఓమ్‌ల రకమైతే ముప్పై దాకా ఎక్కాలి. మధ్యలో అంకె ఎగిరి దూకితే, అసలు కదలకపోతే, లేదా మీటర్ ఏమీ చూపించకపోతే సెన్సార్ పోయింది.

సెన్సార్ బాగుంటే వైరు వంతు. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్. మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, కారు వైపు కప్లర్ రెండు పిన్నుల మధ్య చూడండి. సుమారు 5 వోల్టులు రావాలి. రాకపోతే నల్ల ప్రోబ్‌ను పిన్ను మీంచి తీసి బాడీకి తాకించి చూడండి. అప్పుడు 5 వస్తే ఎర్త్ వైరు తెగింది. అప్పుడూ రాకపోతే సిగ్నల్ వైరు తెగింది, లేదా మాడ్యూల్ దాకా పోవాలి. మాడ్యూల్ పోవడం చాలా అరుదు, ముందే ఆ మాట ఎత్తే మెకానిక్‌ను నేను నమ్మను.

ఎలక్ట్రానిక్స్ షాపులో రూపాయో రెండో పెట్టి ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కొనుక్కోండి. దాని రెండు కాళ్లనూ కారు వైపు కప్లర్‌లో సెన్సార్‌కు బదులు పెడితే డాంగిల్‌లో 25 డిగ్రీలు రావాలి. వేరే రకం సెన్సార్ వాడే కారైతే 25 రాదు, కానీ మైనస్ 40 పోయి ఏదో ఒక మామూలు అంకె వస్తుంది. అంటే వైరూ, మాడ్యూలూ రెండూ బాగున్నాయి, సెన్సార్ ఒక్కటే కొనాలి. చాలా కార్లకు అది కొన్ని వందల రూపాయల వస్తువు.

కొత్తది వేసినా మైనస్ 40 పోలేదు

ఇక్కడ బోలెడంతమంది బోల్తా పడతారు. కొత్త సెన్సార్ వేసి, కీ తిప్పి చూస్తారు. మీటర్ బోర్డులో అంకె మారదు. ఇదీ డూప్లికేటే అని షాపుకు తిరిగి ఇచ్చేస్తారు.

ఆగిన కారులో ఇంజిన్ వేడి సెన్సార్‌కు తగులుతుందని కారు తయారుచేసినవాళ్లకు తెలుసు. అందుకని చాలా కార్లలో అంకె తగ్గడాన్ని వెంటనే నమ్మేలా, పెరగడాన్ని మాత్రం కారు కొంత స్పీడు మీద కొంతసేపు పోయాకే నమ్మేలా రాశారు. మైనస్ 40 నుంచి 38కి రావడం పెరగడమే కదా. ఇంటి ముందు నిలబెట్టి గంటసేపు చూసినా అది కదలకపోవచ్చు. డాంగిల్‌లో వచ్చే అంకె చూడండి, అది సరిగ్గా ఉంటే మీ పని అయిపోయింది. డాంగిల్ లేకపోతే బైపాస్ మీద పావుగంట నడిపి రండి. కోడ్‌ను స్కానర్‌తో తుడిపేస్తే ఇంకా త్వరగా సరవుతుంది. కొన్ని కార్లకు కీ తీసి రెండు మూడు గంటలు వదిలేస్తే చాలు.

ఏసీ కూడా అంతే. అంకె సరయ్యే దాకా కంప్రెసర్ ఎత్తుకోకపోతే తొందరపడి మళ్లీ ఏసీ షాపు మెట్లెక్కకండి.

కొండ మీద పరీక్ష

అన్నీ అయ్యాక నేను చేసేది ఒకటుంది, అది మనకే కుదురుతుంది. తెల్లవారుజామున అలిపిరిలో అంకె చూసుకుని తిరుమలకు ఎక్కుతాను. ఎత్తు తేడా ఏడు వందల మీటర్లకు దగ్గరగా ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, ఆ లెక్కన పైకి చేరేసరికి నాలుగు, నాలుగున్నర డిగ్రీలు తగ్గాలి. ఎక్కేటప్పుడు సెకండ్, థర్డ్ గేర్లలో ఇంజిన్ వేడెక్కుతుంది కాబట్టి ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చు. దిగేటప్పుడు ఇంజిన్ మీద బరువు ఉండదు, అంకె ఇంకా నమ్మదగినది, కాకపోతే పెరుగుదలను ఆలస్యంగా చూపిస్తుంది. మదనపల్లె వైపు వాళ్లకు హార్స్‌లీ హిల్స్ ఉంది.

కప్లర్ లాక్ వేసిన తర్వాత మొదటిసారి ఎక్కినప్పుడు కింద 27, పైన 23. మా బావమరిది ఈసారి నిజంగానే స్వెట్టర్ తెచ్చుకున్నాడు.